దాలమ్మ రెండో బండి

భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో దాలమ్మ జీపు చప్పుడు తెలియనివాళ్ళు లేరు. మొగుడు పోయి చేపల వ్యాపారం తన చేతికి వచ్చాక ఆమె చేసిన మొదటి పని డ్రైవర్ని మాన్పించడం. పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుంది. అప్పటినుంచి చేపల పెట్టెలు తనే విజయనగరం మార్కెట్టుకి తోలుకుపోయేది. జీపు పాతదే గానీ గట్టిది. దానికున్న రోగమల్లా దాహమే. డీజిలు మంచినీళ్ళలా తాగేసేది.

నిండా సరుకున్నప్పుడు ఆ దాహం దాలమ్మకి భారమనిపించలేదు. కూతురు దేవికి విజయనగరంలో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక చిక్కు మొదలైంది. పొద్దున్న తల్లీకూతుళ్ళు చేపలతోపాటే వెళ్ళేవారు. దేవి డ్యూటీ దిగేసరికి ఊరి బస్సు వెళ్ళిపోయేది. దాంతో సాయంత్రం దాలమ్మ ఖాళీ జీపు వేసుకుని మళ్ళీ అంతదూరం వెళ్ళి పిల్లని తెచ్చుకునేది. పైగా ఎంత కడిగినా జీపులో నీచు వాసన పోదు.

"నాను వార్డులో అడుగెడితే సాలు, మజ్జానం కూరేటో తెలిసిపోనాదని నవ్వుతన్నారే అమ్మా," అంది దేవి ఒకరోజు. తనూ నవ్వుతూనే అంది గానీ, ఆ వెంటనే మొహం తిప్పేసుకుంది. దాలమ్మకి అది చాలు. మర్నాడే తమ్ముడు నూకయ్యకి కబురు పెట్టింది, చిన్న కారొకటి చూడ్డానికి తోడు రమ్మని.

నూకయ్య తల అడ్డంగా ఆడించాడు. "ఒకదానికే డీజిలు పొయ్యనేక సత్తన్నావు, రెండోదెందుకప్పా? జీపు అమ్మీసి చిన్నది కొనీ."

"సేపల పెట్టెలు నీ నెత్తి మీదెట్టుకుని ఎల్తావేటి?"

"పోనీ జీపే ఉంచీ. సర్కారు సముద్రం మీదికి ఎల్లొద్దనీ రెణ్ణెల్లూ ఎలాగా పనుండదు. రెండు బళ్ళూ గుమ్మంలో పడుంటాయి."

"సెలవు సేపలకి గానీ రోగాలకి కాదురా. దేవి డ్యూటీ ఆగదు. జీపుని తిట్టుకుంటన్నాం గానీ తప్పు దానిది కాదు. పెట్టెలు మొయ్యాల్సినదాన్ని ఒక్క పిల్ల కోసం తోల్తన్నాను. అలా తోల్తే ఏ బండి మాత్రం తాగదు?"

విజయనగరంలో పాత కార్లమ్మే ఆసామి ఒక తెల్లకారు చూపించాడు. మైలేజీ గురించీ, టైర్ల గురించీ అంతా నూకయ్యకే చెప్పుకుపోతున్నాడు. నూకయ్యకి సైకిలు తప్ప ఏదీ రాదు. దాలమ్మ కాసేపు విని చెయ్యి చాపింది.

"తాళం ఇలాగివ్వు బాబూ. తోలీది నాను. మా ఊరిదాకా ఎల్లి సూద్దుము, నువ్వూ రా."

ఆసామి ఆమె పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో నూకయ్య మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. హైవే మీద బండి చడీచప్పుడూ లేకుండా సాగిపోయింది. జీపుని మలుపు తిప్పాలంటే భుజాలు లాగేవి. దీనికి వేళ్ళు చాలు. భోగాపురం దాటి ఊరి తారురోడ్డు కూడా అయిపోయాక, దాలమ్మ ఆపకుండా ఒడ్డుకెళ్ళే ఇసకదారిలోకి పోనిచ్చింది. నాలుగు బారలు వెళ్ళేసరికి చక్రాలు కూరుకుపోయాయి.

ఆసామి మొహం పాలిపోయింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు వచ్చి కారుని అమాంతం ఎత్తి వెనక్కి పెట్టారు.

"సెప్పినాను కదప్పా," అన్నాడు నూకయ్య, బట్టలకంటిన ఇసక దులుపుకుంటూ.

దాలమ్మ కారు చుట్టూ తిరిగి అడుగుభాగం చూసింది. ఏమీ కాలేదు. "ఇది ఇసకలోకి రాదు. ఎంతవరకు వస్తాదో తెలియాలనే తెచ్చినాను. తారురోడ్డు కొసకి మీ ఇల్లుంది కదరా, అక్కడెడతాను. ఒడ్డుకి జీపు, పట్నానికి ఇది," అని ఆసామి వైపు తిరిగింది. "కాయితాలు రాయించు బాబూ."

వారం తిరగకుండా కారు నూకయ్య గుమ్మం ముందుకొచ్చింది. దేవి తొందరగానే దాన్ని తోలడం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, డ్యూటీకి తనే వెళ్ళిరాసాగింది. ఎండు రొయ్య కూడా అందులో ఎక్కకూడదని షరతు పెట్టింది. తల్లి సరేనంది. సాయంత్రాలు దాలమ్మకి మిగిలాయి. ఆ వేళలో ఐసు పెట్టెలు కడిగించి, మర్నాటి బేరాలు ముందే మాట్లాడుకోసాగింది. జీపు రోజుకొక్కసారే, నిండుగా కదిలేది.

వేసవిలో వేట ఆగింది. పడవలు ఒడ్డుకి చేరాయి. జీపు మీద టార్పాలిన్ కప్పారు. కారు మాత్రం రోజూ వెళ్ళొస్తూనే ఉంది.

అలాంటి రోజుల్లో, దేవికి సెలవున్న ఒక పొద్దున్న, దాలమ్మతోపాటు ఒడ్డున చేపలు కొనే మరిడమ్మ వచ్చి నూకయ్య గుమ్మం దగ్గర నిలబడింది. దాలమ్మ తుడుస్తున్న కారు వంక చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని అడిగింది. "ఈ వయసులో నాకు వస్తాదేటే దాలమ్మా?"

"నాకు వచ్చింది ఏ వయసులోనే? ఎక్కు. సెప్పులు ఇప్పీ. బ్రేకు కాలికి తెలియాల," అంటూ దాలమ్మ ఆమెకి డ్రైవరు వైపు తలుపు తీసింది.