పెద్ద తలుపు, మూడు కాళ్ళ బాతు

నేను చెప్పేదాంట్లో సగం నమ్మితే చాలని మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. న్యాయమే. కానీ విసి విషయంలో మాత్రం ముప్పాతిక నమ్మండి. మిగతా పాతిక ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది.

విసి పూర్తి పేరు విసితాసియోన్. సమోరా ఊళ్ళో మా భవనం రెండో అంతస్తులో ఉంటుంది. నాది మూడో అంతస్తు. విసి భర్త పోయాక మధ్యాహ్నం భోజనం ఇద్దరం ఆవిడ బల్ల దగ్గరే చేస్తాం. వంట ఆవిడది, కబుర్లు నావి. వంతెన అవతలి సర్కారు బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి వండిపెట్టింది. ఆవిడ పప్పు వండిన రోజు ఆ వాసన నది దాటి వచ్చేదనీ, చర్చి గోపురం మీది కొంగలు గూళ్ళలో అటు తిరిగి కూర్చునేవనీ నేనంటే ఎవరూ నమ్మరు. ఆ పప్పు తిన్నవాళ్ళు నమ్ముతారు.

మా వీధికి అటుపక్క సిస్టర్ల బడి. విసి బాల్కనీలో నిలబడితే దాని పెద్ద తలుపు ఎదురుగా కనిపిస్తుంది. కంచు గుబ్బలు, పైన రాతి దేవదూత. చిన్నప్పుడు నేనూ విసీ ఇద్దరం ఆ బడిలోనే చదివాం. నేను ఫీజు కట్టే ఇంటివాణ్ణి, బట్టల మీద తెల్ల పైఅంగీ వేసుకుని పెద్ద తలుపులోంచి వెళ్ళేవాణ్ణి. విసి ఉచితం పిల్ల. ఉచితం పిల్లలకి గోధుమరంగు పైఅంగీ, పక్కసందులో చిన్న తలుపు. పాఠం అయ్యాక ప్రార్థన గది ఊడ్చి వెళ్ళేవాళ్ళు. పెద్ద తలుపు దాటిన ఉచితం పిల్ల ఒక్కత్తీ లేదు.

ఆ తలుపు వెనక ఏముంటుందని వాళ్ళు నన్ను కంచెలోంచి అడిగేవాళ్ళు. నాకప్పుడు ఆరేళ్ళు. చలువరాతి ఫౌంటెన్ ఉందన్నాను. అందులో ఎర్ర చేపలన్నాను. అడుగు వేస్తే పాడే మెట్లున్నాయన్నాను. వాళ్ళు నోళ్ళు తెరిచి వినేవాళ్ళు. అంత మంచి శ్రోతలు నాకు మళ్ళీ దొరకలేదు.

విసి మనవరాలు కాండెలాకి మూడేళ్ళు నిండాయి. బడిలో వెయ్యాలి. కూతురు మోన్సే కాపురం వంతెన అవతల, సర్కారు బడికి నాలుగు అడుగుల దూరంలో. అక్కడ వేస్తే ఏ గొడవా లేదు. కానీ విసి పట్టుబట్టింది.

"నా మనవరాలు ఆ పెద్ద తలుపులోంచి వెళ్ళాలి. నేను బాల్కనీలోంచి చూడాలి. అంతే."

"అమ్మా, మేముండేది అక్కడ. పాయింట్లు ఎలా వస్తాయి?" అంది మోన్సే.

సిస్టర్ల బడికి ఇప్పుడు సర్కారే డబ్బిస్తుంది కాబట్టి ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్ళు ఎక్కువైతే పాయింట్లు చూస్తారు, దగ్గర్లో ఉన్నవాళ్ళకి పాయింట్లు ఎక్కువ. అందుకని ఈ ఊళ్ళో సగంమంది చేసే పనే విసీ చేసింది. మునిసిపాలిటీకి వెళ్ళి మోన్సే, కాండెలా తన ఇంట్లోనే ఉంటున్నట్టు రాయించింది. మా వీధిలో ఒక ముసలాయన ఒంటిగది ఇంట్లో కాగితాల మీద పదకొండుమంది పిల్లలు ఉండేవాళ్ళు. ఆయనకి వాళ్ళ పేర్లు కూడా రావు.

చిక్కల్లా ఒకటే. అబద్ధమని తేలితే పిల్ల పేరు వరస చివరికి పోతుంది. అప్పుడు సిస్టర్ల బడీ ఉండదు, ఇంటి పక్కనున్న సర్కారు బడీ ఉండదు. ఊరవతల ఎక్కడ ఖాళీ మిగిలితే అక్కడికి రోజూ బస్సు.

ఈస్టరు ముందరి పవిత్రవారంలో పుకారు పుట్టింది, మునిసిపల్ పోలీసులు ఇళ్ళు తనిఖీ చేస్తున్నారని. విసికి కంగారు పట్టుకుంది. బాత్రూములో చిన్న బ్రష్షు పెట్టింది, మంచం కింద చిన్న చెప్పులు పెట్టింది. పెరటి వైపు ఉండే బట్టల తాడు విప్పి వీధి బాల్కనీకి కట్టింది. అటకమీది పెట్టెలోంచి పిల్లల బట్టలు తీసి, తడిపి ఆరేసింది.

ఆ రోజు గుడ్ ఫ్రైడే.

మా ఊళ్ళో గుడ్ ఫ్రైడే నాడు బట్టలు ఉతికిన ఆడమనిషి పుట్టలేదు. విసి వాళ్ళమ్మ ఆ రోజు చేతిగుడ్డ కూడా తడపనిచ్చేది కాదు. వీధిలో ప్రతి బాల్కనీకీ ఊదారంగు గుడ్డ వేలాడుతోంది. విసి బాల్కనీకి మాత్రం ఒక లంగా, రెండు జతకాని మేజోళ్ళు, ఛాతీ మీద బాతు ఉన్న పసుపు స్వెట్టరు. ఊరేగింపు సరిగ్గా మా కిందికొచ్చేసరికి మొహం కప్పే కోసు టోపీల కన్నాల్లోంచి మూడొందలమంది భక్తులు పైకి చూశారు. బాజా వాయించేవాడు ఒక దెబ్బ తప్పాడు. సిలువ మోసేవాళ్ళ అడుగు తడబడి, దానిమీది క్రీస్తు బొమ్మ కూడా తలెత్తి చూసిందని నేనంటాను. ఇక్కడ మీ పాతిక తీసేసుకోండి.

"విసీ, ఈ ఒక్కరోజూ ఎందుకు ఆరేశావే?" అని అడిగాను.

"ఏ రోజో చూసుకోలేదు సతూర్. భయంలో చూసుకోలేదు," అంది. అరవై తొమ్మిదేళ్ళలో ఆవిడ మర్చిపోయిన గుడ్ ఫ్రైడే అదొక్కటే.

తర్వాతి మంగళవారం భోజనాలవేళ బెల్లు మోగింది. గుమ్మంలో మునిసిపల్ పోలీసు. ముప్పై అయిదేళ్ళుంటాయి, చేతిలో అట్ట, దాని మీద కాగితం.

"మోన్సే గారు, పాప ఇక్కడే ఉంటున్నారా అమ్మా?"

విసి నోరు తెరిచేలోపు నేనందుకున్నాను. అది నా జబ్బు. "ఉండకేం బాబూ! పాపకి తట్టు పోసింది. డాక్టరు గడప దాటనివ్వొద్దన్నాడు. పాపం ఒళ్ళంతా ఎర్రగా, దానిమ్మపండులా ఉంది. ఆ గదిలో పడుకుంది."

"కాండెలాయేనా?"

"కాండెలాయే."

"పొద్దున్న మా బుడ్డోణ్ణి పిల్లల కేంద్రంలో దింపి వచ్చాను తాతా. మీ కాండెలా వాడి బిస్కెట్టు లాక్కుని పరిగెత్తింది. తట్టు బాగానే పరిగెత్తిస్తోంది."

"సతూర్, నోరు మూసుకుని రొట్టె తిను," అంది విసి. ఆవిడ మొహం తెల్లగా పాలిపోయింది.

పోలీసు బాల్కనీలోకి నడిచాడు. తాడు మీద స్వెట్టరు పట్టుకుని తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదెవరిది?"

"మా మనవరాలిది."

"బాతుకి మూడు కాళ్ళున్నాయే."

అతను స్వెట్టరు వదలకుండానే చెప్పుకుపోయాడు.

"మా అమ్మ అల్లింది. రేడియోలో నాటకం వింటూ లెక్క తప్పి మూడో కాలు వేసేసింది. బడిలో అందరూ ఏడిపించేవాళ్ళు. ఓ రోజు పోగొట్టుకుని ఇంటికెళ్ళాను. కావాలనే పారేశాననుకుని మా అమ్మ వీపు చిట్లగొట్టింది."

విసి దగ్గరికెళ్ళి అతని గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది. "నువ్వు... ఇస్మాయెల్‌వి కదూ? పాలన్నంలో దాల్చినచెక్క ఏరి పక్కవాడి గిన్నెలో వేసే వెధవ్వి?"

"ఇప్పటికీ ఏరేస్తాను విసీ."

ఇందులో మటుకు పాతిక తీసెయ్యకండి. ఆ అటకమీది పెట్టె నేను చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళలో భోజనాల గదిలో పిల్లలు మర్చిపోయినవన్నీ అందులో ఉన్నాయి. టోపీలు, ఒంటి మేజోళ్ళు, బొత్తాల్లేని కోట్లు. అడగడానికి వస్తారేమోనని పారెయ్యకుండా ఉంచింది. ఉద్యోగం మానేసిన రోజు ఆ పెట్టె కూడా ఇంటికి తెచ్చుకుంది.

ఇస్మాయెల్ కుర్చీలో కూర్చున్నాడు. అట్ట బల్లమీద బోర్లించాడు. విసి అలవాటు కొద్దీ అతని ముందు పప్పు గిన్నె పెట్టింది. రెండు చెంచాలు తిన్నాక అతను నెమ్మదిగా అడిగాడు.

"మా బడిలో ఏం తక్కువైంది విసీ?"

ఆ అడగడంలో నింద లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. విసి ఆప్రాన్ కొంగు నలిపింది.

"ఏం తక్కువ కాలేదురా. మీరంతా బాగానే పెరిగారు. నాకే... ఆ తలుపు." ఎదురుగా చూపించింది. "ఆరేళ్ళు ఆ బడికెళ్ళాను, ఒక్కసారి కూడా ఆ తలుపు దాటలేదు. లోపల ఫౌంటెన్ ఉందిట. ఎర్ర చేపలున్నాయిట."

నేను రొట్టె వైపు చూశాను. నా ఆరేళ్ళ అబద్ధాన్ని ఈ మనిషి అరవై ఏళ్ళకి పైగా మోసుకు తిరిగింది. ఆ క్షణంలో నాకు ఒక్క కథా తోచలేదు. అదివరకెన్నడూ అలా జరగలేదు.

ఇస్మాయెల్ గిన్నె ఖాళీ చేసి లేచాడు. "నా రిపోర్టు సోమవారం రాస్తాను. దరఖాస్తులు మార్చుకోవడానికి శుక్రవారం రెండింటిదాకా గడువుంది. ఆ సంగతి చెప్పడం కూడా మా డ్యూటీలో భాగమే." స్వెట్టరు మాత్రం అడిగి తీసుకెళ్ళాడు.

విసి ఆ సాయంత్రం మోన్సేకి ఫోన్ చేసింది. అవతల ఏమందో నాకు వినపడలేదు కానీ, విసి "నువ్వు ముందే చెప్పొచ్చుగా" అని మూడుసార్లు అంది. మోన్సే ముందే చెప్పింది. విసి వినలేదు.

శుక్రవారం పదకొండింటికి ఇద్దరం వీధి దాటాం. ఆవిడ నల్ల కోటు వేసుకుంది, పెదాలకి రంగు వేసుకుంది. దరఖాస్తు సర్కారు బడికి మార్చే కాగితం చేతిలో ఉంది, మోన్సే సంతకంతో. పెద్ద తలుపు బెల్లు నొక్కింది. ఒక అమ్మాయి కొద్దిగా తలుపు తీసి తొంగిచూసింది.

"ఆఫీసు పక్కసందులోంచండీ. చిన్న తలుపు."

"ఆ తలుపు నాకు తెలుసమ్మా. నీకంటే బాగా తెలుసు. ఇవాళ ఇది తియ్యి," అంది విసి.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను దేవదూత వైపు చూశాను. తలుపు తెరుచుకుంది.

లోపల గొడుగులు పెట్టే డబ్బా, మూలన జిరాక్స్ మిషను, గోడకి మధ్యాహ్న భోజనాల పట్టిక, కారే పైపు కింద ఎర్ర బకెట్టు. అంతే. విసి నేల మీద కాలు మోపి అటూ ఇటూ చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఫౌంటెన్ ఏదిరా?"

"అదుగో," అని బకెట్టు చూపించాను.

"చేపలు?"

"ముసలివైపోయి పోయాయి విసీ."

చేతిసంచీతో నా భుజం మీద ఒక్కటిచ్చింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. ఆ హాల్లో నవ్వు మోగింది. ఎక్కడో తరగతి గదిలో పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. కాగితం ఇచ్చి, ముద్ర వేయించుకుని, వచ్చిన పెద్ద తలుపులోంచే బయటికొచ్చాం. వీధి మధ్యలో ఆగి ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది.

"భోజనాల పట్టిక చూశావా? వారానికి మూడు రోజులు చికెన్ ముక్కలు. పప్పు ఒక్కసారి. అది కూడా డబ్బాలోదే అయ్యుంటుంది," అంది. ఇంటికెళ్ళి బట్టల తాడు విప్పి మళ్ళీ పెరటివైపు కట్టింది.

సెప్టెంబరులో కాండెలా వంతెన అవతలి బడిలో చేరింది. మొదటిరోజు మేం కూడా వెళ్ళాం. గేటు దగ్గర ఇస్మాయెల్ యూనిఫాం లేకుండా కొడుకుతో నిలబడి ఉన్నాడు. ఎండ మండుతున్నా ఆ బుడ్డోడికి పసుపు స్వెట్టరు తొడిగాడు, మూడు కాళ్ళ బాతుతో. కాండెలా దాని తోక పట్టుకు లాగింది. విసి ఇద్దరినీ విడదీసి లోపలికి తోసింది. గేటు ఎలా ఉందో ఆవిడ చూసినట్టు కూడా లేదు. అప్పటికే వంటగది కిటికీ వైపు నడిచిపోతోంది, కొత్త వంటమనిషి ఉల్లిపాయ ఎలా తరుగుతోందో చూడ్డానికి.