డాబా మీద ప్రాసెసర్లు

నా చిన్నప్పుడు నరసరావుపేటలో మా పక్కింటి అక్కా, వాళ్ళ అన్నయ్యా సెలవుల్లో పోట్లాడుకోని సాయంత్రం ఉండేది కాదు. తోబుట్టువులన్నాక ఏదో ఒకదానికి కొట్టుకుంటారు, అందులో వింతేమీ లేదు. కానీ వీళ్ళ తగాదా, లోకంలో ఇంతవరకు తయారైన కంప్యూటర్ ప్రాసెసర్లలో ఏది గొప్పదని! ఎనభైల నాటి మాట. మా వీధిలో టీవీ ఉన్న ఇళ్ళే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కంప్యూటర్‌ని కళ్ళారా చూసింది వాళ్ళిద్దరే.

అన్నయ్య ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చేవాడు. వాళ్ళ కాలేజీలో ప్రయోగాలకిచ్చే కిట్టులో ఉండేది జెడ్ ఎయిటీ ప్రాసెసర్ కాబట్టి ఆయనకు అదే దేవుడు. అక్క అప్పుడే డిగ్రీ పూర్తి చేసింది. ఆమె కాలేజీకి వచ్చిన ఒకే ఒక్క కంప్యూటర్లో సిక్స్‌టీఫైవ్ నాట్ టూ ఉండేది. దాని ముందు కూర్చునే వంతు ఎప్పుడో గానీ రాకపోయినా, ఆమె మాత్రం దాని పక్షం వదిలేది కాదు. మాది వేగమంటే మాది వేగమని, చిరిగిపోయిన పాత పత్రికలు ముందేసుకుని వీధంతా వినబడేలా అరుచుకునేవారు.

వాళ్ళ నాన్నగారిని నేను పెదనాన్న అనేదాన్ని. కోర్టులో గుమాస్తా. "పొద్దస్తమానం అక్కడ వాదనలే, ఇంటికొస్తే ఇక్కడా వాదనలేనా" అని తల పట్టుకునేవాడు.

అక్కకు గుంటూరు వెళ్ళి ఏడాది కంప్యూటర్ కోర్సు చేయాలని ఉండేది. హాస్టల్లో ఉండాలి. పెదనాన్న కాదనలేదు, అలాగని ఔననీ అనలేదు. "ఆ పెట్టెలో ఏం జరుగుద్దో నాకర్థమయ్యేట్టు చెప్పు. అర్థమైతే పంపిస్తా. అర్థం కాని దానికి ఆడపిల్లని ఊరు దాటించమంటే ఎట్టా?" అన్నాడు. దరఖాస్తుకు గడువు దగ్గర పడుతోంది. అక్క బొమ్మలు గీసి చూపించింది. ఇంగ్లీషు పుస్తకం తెచ్చి చదివి వినిపించింది. పెదనాన్న అంతా ఓపిగ్గా విని, కళ్ళజోడు తుడుచుకుని, "ఏమీ బుర్రకెక్కలేదమ్మాయ్" అనేవాడు. అన్నయ్య నవ్వేవాడు. అక్క ఏడుస్తుందేమోనని నేను దిగులుపడ్డాను గానీ, ఆమె ఏడిచే రకం కాదు. పళ్ళు బిగించి, "రేపు ఇంకో రకంగా చెప్తా" అంది.

మర్నాడు ఆదివారం. కోర్టు లేదు. అక్క వీధి పిల్లలందరినీ వాళ్ళ డాబా మీదికి పిలిచింది. సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళలాంటివి పది గీసి, ఒక్కో గడిలో గుప్పెడో చిటికెడో చింతపిక్కలు పోసింది. అవతల అన్నయ్యకూ అలాంటివే పది గళ్ళు. గళ్ళ పక్కన వరసగా చిన్న చిన్న కాగితాలు. ఒక్కో కాగితం మీద ఒక్కటే పని: ఈ గడి చూడు, అందులోవి కలుపు, తర్వాతి గడికి వెళ్ళు. పిల్లలం మేమే ప్రాసెసర్లం. చప్పట్లు కొడితేనే కదలాలి. అన్నయ్య జెడ్ ఎయిటీకి ఏడుగురు, దాంట్లో అంకెలు దాచుకునే అరలు ఏడట. ఆయన చప్పట్లు గబగబా పడతాయి, కానీ ఒక్కో పనికి ఎక్కువ చప్పట్లు కావాలి. మా దాంట్లో అరలు మూడే కాబట్టి మా జట్టులో ముగ్గురమే. అక్క చప్పట్లు నిదానం, కానీ రెండు మూడు చప్పట్లలో పని తెమిలిపోతుంది. మొత్తం పిక్కలు ముందెవరు లెక్క తేలిస్తే వాళ్ళ ప్రాసెసరే గొప్పది. ఒడినిండా పిక్కలు పట్టుకుని మొత్తం చెప్పాల్సిన దాన్ని నేను. కాలు నేల మీద నిలవడం లేదు నాకు.

పెదనాన్న కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పందెం మొదలైంది. సగం దాకా ఇద్దరం సమానంగానే ఉన్నాం. తర్వాత వాళ్ళు ముందుకెళ్ళారు. మాకింకా మూడు గళ్ళు మిగిలుండగానే అవతల అరుపులు, ఈలలు. లెక్క కూడా సరిగ్గానే తేలింది. అన్నయ్య పిల్లల్ని భుజాలకెత్తుకుని గంతులేశాడు. నాకు ఏడుపొచ్చింది. పిక్కలన్నీ విసిరికొట్టి ఇంటికి పోవాలనిపించింది.

అక్క చప్పట్లు మాత్రం ఆగలేదు. ముఖం ఎర్రబడింది, అయినా చేతులు అదే నిదానంతో పడుతున్నాయి. "నా వైపు చూడకే, కాగితం చూడు" అంది నాతో. నేను ముక్కు ఎగబీల్చి తర్వాతి గడికి వెళ్ళాను.

"వాళ్ళు గెలిచారుగా, ఇంకా ఏందే?" అన్నాడు పెదనాన్న.

అక్క ఆఖరి గడి అయ్యేదాకా ఆగి చెప్పింది. "గెలుపోటములు దానికి తెలియవు నాన్నా. కాగితం మీద పని మిగిలుంటే చేసుకుంటూ పోద్ది. అంతే."

పెదనాన్న లేచి మా దగ్గరికొచ్చాడు. కాసేపు ఆ కాగితాల వరస వంక చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, తన గుండ్రటి గుమాస్తా దస్తూరీతో కొత్త కాగితం రాశాడు: అయిదు కన్నా తక్కువ పిక్కలుంటే ఆ గడి వదిలెయ్. దాన్ని వరస మధ్యలో పెట్టి, "ఇప్పుడు కొట్టు చప్పట్లు" అన్నాడు. పిక్కలు గళ్ళలో తిరిగి పోసి మేం మళ్ళీ మొదలుపెట్టాం. తక్కువ పిక్కలున్న గడి దగ్గరికి రాగానే దాన్ని దాటి ముందుకు పోయాం. పెదనాన్న చిన్నపిల్లాడిలా పకపకా నవ్వాడు.

"అంటే దానికి సొంత బుద్ధి లేదు. మనం ఏం రాస్తే అది చేసుద్ది."

"అవును నాన్నా."

"అయితే రాయడమే నేర్చుకోవాల. గుంటూరు ఎప్పుడు పోవాలే?"

అన్నయ్య గంతులు ఆపేశాడు. అక్క అప్పుడు ఏడ్చింది, చేతుల్లో ముఖం దాచుకుని, చానాసేపు. ఆ ఏడాదే ఆమె గుంటూరు వెళ్ళింది.

ప్రాసెసర్ల గురించి నాకు అంతకన్నా ఎక్కువ ఎప్పటికీ తెలియలేదు. కానీ తర్వాత ఇంటర్ లెక్కల్లో తప్పి, నా తోటివాళ్ళంతా డిగ్రీకి పోతుంటే ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ డాబాయే గుర్తొచ్చింది. మళ్ళీ రాశాను, మళ్ళీ తప్పాను, మళ్ళీ రాశాను. పెళ్ళయ్యి, చంకలో పిల్లతో డిగ్రీ పరీక్షలకు వెళితే హాలు గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఈ వయసులో కూడా నాకంటే ముందు చేరినవాళ్ళని చూస్తే కాస్త కడుపుమంట ఉంటుంది, లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి? కాసేపు కుళ్ళుకుంటాను. తర్వాత నాకింకా ఎన్ని గళ్ళు మిగిలున్నాయో చూసుకుని, లేచి నడుస్తాను.