నాలుగడుగుల ఇసుక

కోపం వస్తే రత్నకుమారి గొంతు తగ్గుతుంది. భీమడోలు అవతల మా పేటలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు.

ఇరవై ఏళ్లు తాపీమేస్త్రుల వెనక తట్ట మోసిన మనిషి. ఏలూరులో, గూడెంలో ఎన్ని మేడలకు సిమెంటు అందించిందో ఆమెకే గుర్తులేదు. చివరికి 2004 వేసవిలో సొంత ఇంటికి ముగ్గు పోసుకుంది. తోటి పనివాళ్లు కూలి వద్దన్నారు. మేస్త్రీ విశ్వాసం ప్రతి శనివారం నల్లజర్ల నుంచి మొదటి బస్సుకే వచ్చేవాడు. వడ్రంగి హనుమంతరావు గుమ్మం కోసం తన పెరట్లో వేపచెట్టు కొట్టించాడు. అంత మంచివాళ్ల ముందు గట్టిగా మాట్లాడటానికి ఆమెకు నోరు రాలేదు.

మాది నల్లరేగడి. ఎండల్లో రాయిలా బిగుసుకుంటుంది, వాన పడితే ఉబ్బి గోడల్నే ఎత్తేస్తుంది. విశ్వాసానిది మెరక, ఎర్రనేల. ఎండిన మా నేల్లో రెండడుగులు తవ్వేసరికే పలుగు ఖంగుమంది.

"ఇంక చాలు. రాయి వేసేద్దాం," అన్నాడు విశ్వాసం.

"ఈ నేలని నమ్మకండి అన్నయ్యగారూ. నాలుగడుగులు తవ్వి, ఇసుక పోసి, తడిపి దిమ్మిస కొట్టాలండి."

"ఇసుక మీద ఇల్లా! బండ మీద కట్టమని చర్చిలో అయ్యగారు చెప్పే ప్రసంగం ఎప్పుడూ వినలేదా చెల్లెమ్మా?"

అందరూ నవ్వారు. ప్రభువు క్షమించాలి, పక్కింటి అరుగు మీంచి చూస్తున్న నేనూ నవ్వాను.

"నువ్వు తట్ట అందించు. పునాది సంగతి మాకొదిలెయ్," అన్నాడు విశ్వాసం. ఆమె అందించింది.

జూలైలో వానలు దిగాయి. గోడలు నడుమెత్తు లేచాయో లేదో, తూర్పు మూలన వేలు దూరేంత బీట. విశ్వాసం దాన్ని సిమెంటుతో పూడ్చి, పైన నున్నగా తాపీ తిప్పాడు. "ఇంక కనపడదులే," అన్నాడు. వారం తిరక్కుండా ఆ పక్కనే మళ్లీ విచ్చింది.

ఆమె భర్త నెల్సన్ రైసుమిల్లులో పనిచేస్తాడు, మెత్తటి మనిషి. "ఉత్తినే చేసేవాళ్లని ఏమంటామే? ఊరుకో," అన్నాడు.

"కూలి వద్దన్నారని నా నోరు కూడా వాళ్లకి ఇచ్చేశానా?"

శనివారం పొద్దున్నే విశ్వాసం, హనుమంతరావు వచ్చేసరికి రత్నకుమారి పలుగుతో గోడ పడగొడుతోంది. పగలకుండా తీసిన ఇటుకలు ఓ పక్కన పేర్చి ఉన్నాయి. ఇంకో పక్క పొయ్యి మీద వాళ్ల కోసం అన్నం ఉడుకుతోంది.

"ఏంటిది? మా మూడు నెలల కష్టం!" అని అరిచాడు విశ్వాసం.

"నా ఇల్లండి." గొంతు తగ్గింది.

"ఒక్క మాటైనా చెప్పకుండా..."

"చెప్పానండి, మే నెలలో. మీరు నవ్వారు. అయ్యగారు చెప్పింది రాతినేల ఉన్నవాళ్లకండి, మాది కొల్లేరు పక్క. ఇరవై ఏళ్లు తట్టలే మోశాను, పునాదులు చూళ్లేదనుకున్నారా? రేపు శ్లాబు నా పిల్లల మీద పడితే దాన్నీ సిమెంటుతో పూడుస్తారా?"

హనుమంతరావు తల దించుకున్నాడు. విశ్వాసం తాపీ సంచిలో పడేసుకుని విసవిసా రోడ్డు దాకా వెళ్లిపోయాడు. బస్సు వచ్చి ఆగింది. అతను ఎక్కలేదు. తిరిగొచ్చి, చొక్కా విప్పి ఇటుకల మీద పెట్టాడు.

"నాలుగడుగులేనా?"

"నాలుగే. వేలెడు తగ్గినా ఒప్పుకోను."

మిగిలిన గోడలూ దించి, పునాది కందకం నాలుగడుగుల లోతుకి తవ్వేసరికి ఇంకో రెండు శనివారాలు పట్టింది. ఇసుక దిగిన రోజు ఆమె అలవాటుగా తట్ట అందుకోబోయింది. విశ్వాసం ముందే తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. దిమ్మిస ఆమెకు అందించాడు.

అయినా ఆమె కోపం చల్లారలేదు. తట్టెడు ఇసుక పడ్డప్పుడల్లా దిమ్మిసతో నాలుగు దెబ్బలు కొట్టి, "ఇంకా పొయ్యండి," అంటోంది. అతను పోస్తున్నాడు. ఆ రోజు నవ్వినందుకు నేనూ ఒక తట్ట ఎత్తుకున్నాను.