మా అక్కకు చదివిన పద్యాలు

మా అక్క పోయిన రోజు నేను ఒక అరబ్బీ కవి మీద కోపంగా ఉన్నాను. ఆయన పోయి వెయ్యేళ్ళు దాటింది. అయినా ఉన్నాను.

నాకు అరబ్బీ రాదు. నందిగామలో తెలుగు మాస్టారిని. విజయవాడ మిత్రుడొకరు ఆ కవి జీవితం మీద ఇంగ్లీషులో వచ్చిన చిన్న పుస్తకం ఇచ్చి తెలుగు చేయమన్నారు. ఇల్లు జగ్గయ్యపేటలో కాబట్టి రానూ పోనూ బస్సులోనే ఆ పని. సీటు దొరికితే చిల్లకల్లు వచ్చేలోపు ఒక పేరా అయ్యేది. దొరకని రోజు కవిగారు సంచిలోనే ఉండేవారు.

ఆ కవి తండ్రి నీళ్ళు మోసి బతికినవాడు. తల్లి ముందే పోయింది. అక్క ఊలు వడికి తమ్ముణ్ణి చదివించింది. తమ్ముడు పెద్దవాడై, ఒక ప్రభువు కొలువు నుంచి ఇంకో ప్రభువు కొలువుకు తిరుగుతూ పొగడ్తలు కట్టాడు. అయితే ఆయనకు పేరు తెచ్చినవి పొగడ్తలు కావు, చావు పద్యాలు. ప్రభువు తల్లి పోయినా, సేనాపతి పోయినా, ఆయన వచ్చి చదివితే గానీ ఆ చావుకు నిండుదనం రాదనేవారు. అన్నిటిదీ ఒకటే వరస: పోయినవారి చేయి వానమబ్బు, వాళ్ళు లేని ఊరు ఎండిన బావి. ఒకచోట చదివినదాన్నే పేరు మార్చి ఇంకోచోట చదివేవాడని కిట్టనివాళ్ళు గోల పెట్టారట.

అక్కడ నాకు నవ్వొచ్చింది. నాదీ అదే పని మరి. మా వైపు పెళ్ళయితే పంచరత్నాలు, పెద్దకర్మ అయితే స్మృతి పద్యాలు అచ్చేయించి చదివించే అలవాటు ఇంకా పోలేదు. నేను చర్చికి వెళ్ళే ఇంట పుట్టి సీసపద్యం నేర్చుకున్నవాణ్ణి. ఇటు పెద్దకర్మలకు, అటు జ్ఞాపకార్థ కూడికలకు నేనే రాస్తాను. పెళ్ళికొడుకు ఎలా ఉన్నా చంద్రుడే, పోయినవాడు ఎలా బతికినా దాతే. నాలుగు పద్యాలు, అరగంట పని.

ఇక కోపం సంగతి. ఆ కవి ఒక కొలువులో ఉండగా అక్క పోయిందని ఉత్తరం వచ్చింది. ఆ పూటే విందులో ఆయన ప్రభువు గుర్రం మీద పద్యం చదివాడు. ఊరికి వెళ్ళలేదు. అందరి చావులకీ రాసినవాడు అక్కకు ఒక్క పాదమైనా రాయలేదు. పుస్తకం ఈ మాట చెప్పి ఊరుకుంది. నేను ఊరుకోలేక, కింద నా మాటగా ఒక వాక్యం చేర్చాను: ఈయనకు నోరుంది గానీ గుండె లేదు. అది రాసి కలం జేబులో పెట్టుకుంటుంటే మేనకోడలు ఫోన్ చేసింది. కథలో ఎవరైనా ఇలా రాస్తే నేనే కొట్టేస్తాను. కానీ అలాగే జరిగింది.

"మావయ్యా, అమ్మ లేవట్లేదు" అంది.

నన్ను పెంచింది మా అక్కే. అమ్మ పోయాక పత్తి తీతలకూ మిరప కోతలకూ వెళ్ళి నన్ను టీచరు ట్రైనింగు దాకా తెచ్చింది. నాకు ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. కూలి ముఠాకు మేస్త్రి అయి, పొద్దున్నే ఆడవాళ్ళను ఆటోలో పోగేసుకుని చేలకు వెళ్ళేది, వాళ్ళతో పాటు తనూ వంగి కోసేది. అలాంటి అక్క పోతే నాకు ఏడుపు రాలేదు. సమాధిలో మట్టి వేసినప్పుడూ రాలేదు. చేతికి మట్టి అంటింది, దులుపుకున్నాను. నాలుగో రోజు బడికి వెళ్ళి హాజరు పిలిచాను, సంధులు చెప్పాను. అన్నం తిన్నాను, పచ్చడిలో ఉప్పెక్కువైందని కూడా తెలిసింది. అది చూసి నాకు భయం వేయాలి. అదీ గట్టిగా వేయలేదు.

బస్సులో పుస్తకం తెరిస్తే ఆ విందు పేజీయే వచ్చింది. తనదాకా వస్తే గానీ తత్వం బోధపడదంటారు. ఆ పూట ఆయన గుర్రం పద్యం ఎలా చదివాడో నాకు తెలిసింది. నేను సంధులు చెప్పినట్టే చదివి ఉంటాడు. నా వాక్యం కొట్టేశాను. కొట్టేసి, నన్నెవరో క్షమించినట్టు నందిగామ దాకా నిద్రపోయాను.

అక్క జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడింది. మేనకోడలు ఒక్కటే అడిగింది. "అందరికీ రాస్తావు గదా మావయ్యా. అమ్మకి బాగా రాయి. నేను దాచుకుంటా." ఆ పిల్ల దగ్గర తల్లి ఫొటో కూడా ఆధార్ కార్డు మీదిది తప్ప ఇంకోటి లేదు. దాచుకోవడానికి నేను రాసేదే మిగిలింది.

రెండు రోజులు కూర్చున్నాను. ఒక్క పాదం రాలేదు. చివరికి పాత నోటుబుక్కు తీశాను. ఐదారేళ్ళ కిందట, మా అక్క కూలికి వెళ్ళే చేల ఆసామి తల్లి పోతే పెద్దకర్మకు రాసిన పద్యాలు అందులో ఉన్నాయి. బాగా కుదిరినవి. వైకుంఠాన్ని పరలోకం చేశాను. మనిషి పేరు, ఊరి పేరు మార్చాను. గణాలు చెడలేదని చూసుకుని ఫ్లెక్సీ షాపుకు వాట్సాప్‌లో పంపించాను. తప్పు చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడమే అప్పటి నా జబ్బు.

కూడిక రోజు షామియానా కింద ముందు వరసలో అక్క ముఠా ఆడవాళ్ళు కూర్చున్నారు. పాస్టరు గారు ప్రార్థన చేసి నన్ను పిలిచారు. రాగం తీసి చదివాను. నా గొంతు బాగుంటుంది, ఆ రోజూ బాగానే ఉంది. మూడో పద్యంలో, చేలో పదిమంది కూలీలకు పని చూపించి, ఎండకు వాడిపోయి వస్తే అన్నం పెట్టి పంపిన చల్లని తల్లి అని ఉంది. చదివాను. నోటినుంచి బయటికి వచ్చాకే నా చెవిన పడింది. ముందు వరస ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయినామె కూలీలకు అన్నం పెట్టిన ఆసామి తల్లి కాదు. ఆ అన్నం తిన్న కూలి మనిషి.

భోజనాల దగ్గర ముఠాలో పెద్దామె వచ్చి నా చేయి పట్టుకుంది. ఆమె మొహంలో కోపం లేదు.

"అది అమ్మగారి పద్యం గద నాయనా. అమ్మగారి పెద్దకర్మకి మీ అక్కా నేనూ వెనకాల నిలబడి విన్నాం. మా తమ్ముడు రాసిందేనని అందరికీ చెప్పుకుంది. నేను పోతే నాకూ ఇట్టాగే రాస్తాడు చూడండే, అంది." కొంగు సర్దుకుని, "రాశావులే" అని చేయి తట్టి వెళ్ళింది.

ఆ కవిని గుండె లేనివాడన్నాను, తర్వాత నాలాంటివాడే అనుకున్నాను. రెండూ తప్పే. పద్యాలకు పేర్లు మారుస్తాడని చెడ్డపేరు మోసిన మనిషి, అక్క దగ్గర మాత్రం ఆ పని చేయలేదు. పద్యం రానప్పుడు ఊరుకున్నాడు. నాకు ఊరుకోవడం కూడా చేతకాలేదు.

మేనకోడలు ఫ్లెక్సీ ముందు నిలబడి, మూడో పద్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకుంటోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"తప్పయిందమ్మా. ఇంకోటి రాసిస్తాను" అన్నాను.

ఆ పిల్ల నా వైపు తిరగలేదు.

"అమ్మ ఏం పని చేసేదో నన్నడిగితే చెప్పేదాన్ని గదా మావయ్యా" అంది.