నా దుప్పటి మీద మొదటి ఆట

ఆ దుప్పటి నాది. అంచున నీలంపూల తీగ, కింద కుడి మూల ఇస్త్రీపెట్టె అంటుకుని పడిన గోధుమరంగు మరక. నగరంలో ఏటా జరిగే ఒక ప్రత్యామ్నాయ చలనచిత్రోత్సవం వాళ్ల పోస్టరు పొద్దున్నే ఎవరో నా ఫోనుకు పంపారు. పల్చటి మంచులో రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య కట్టిన తెల్లటి తెర, దాని ముందు నేలమీద కూర్చున్న జనం వీపులు. పైన పెద్ద అక్షరాలతో ‘ఎవరూ చూడని సినిమాల కోసం’ అని రాశారు. కింద చీమ తలకాయంత అక్షరాలతో నియమాలు. ఆ తెర నా దుప్పటి. నోట్లో ఉన్న టీ వెగటుగా తగిలింది. పంచదార మరిచానేమోనని గ్లాసు అడుగు చూశాను, వేసే ఉంది.

మా అన్నయ్య కాఫీ తోటల ఉద్యోగం మీద అరకులోయకు వచ్చి, ఇక్కడి కొండమీది అమ్మాయినే పెళ్లిచేసుకుని ఉండిపోయాడు. విజయనగరం పక్కనున్న మావాళ్లు కొన్నాళ్లు మూతులు ముడుచుకున్నారు. తర్వాత పసుపూ, కాఫీ గింజలూ, రాజ్‌మా సంచులూ ఇంటికి దిగుతుంటే ఆ మూతులు వాటంతటవే విచ్చుకున్నాయి. నేను కూడా టీచరుగా ఈ లోయకే బదిలీ అయి, రిటైరయ్యాక వాళ్ల పక్కవాటాలో స్థిరపడ్డాను. వదిన నన్ను ఏ వరసా పెట్టి పిలవదు, టీచరమ్మా అంటుంది. పిల్లలు చదువులకు వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయ్యాక ఆవిడ ఫోనుతో సినిమాలు తియ్యడం మొదలుపెట్టింది. కథా, పాటలూ ఉండే సినిమాలనుకునేరు. ఒకదాంట్లో సంతకు దిగే ఆడవాళ్ల పాదాలు తప్ప మరేమీ కనిపించవు. ఇంకోదాంట్లో తెర నిండా మంచు, ఆ మంచు లోపల ఎక్కడో కాఫీ పళ్లు బుట్టలో పడే చప్పుడు. ఇందులో ఏముంది వదినా అని అడిగితే “సప్పుడుంది” అంది. మా అన్నయ్య అది చూస్తూ చూస్తూ గుర్రుపెట్టి నిద్రపోయాడు, లేచాక చాలా బాగుందన్నాడు. అబద్ధమాడాడని నేననుకోను.

మూడో సినిమా వాళ్లమ్మ మీద తీసింది. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని సామల జావ కాస్తూ ఉంటుంది. కుండ పొంగేదాకా కెమెరా కదలదు, ఆవిడా పెదవి విప్పదు. పొగలో ఆ ముఖం కాసేపు కనిపిస్తుంది, కాసేపు పోతుంది. అంతే సినిమా. వాళ్లమ్మ జన్మలో సినిమా హాలు గడప తొక్కలేదు. ఆవిడను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, గోడంత తెరమీద ఆవిడ ముఖం ఆవిడకు చూపించాలి. వదినకున్న కోరికల్లా అదే. అప్పుడే ఈ ఉత్సవం వాళ్ల పిలుపు కంటబడింది. కట్టుబాట్లు తెంచుకున్న చిన్న సినిమాలు పంపండి అన్నారు. పంపుదాం టీచరమ్మా అంది వదిన. అయితే పంపేముందు చెయ్యాల్సిన పని ఒకటుంది అంది.

ఆ పనేమిటో చెప్పాలంటే ఈ కొండల్లో ‘కొత్త’ అంటే ఏమిటో చెప్పాలి. చేలో సామలు పండి రాలుతున్నా, చెట్టున మామిడి ముగ్గి వాసన కొడుతున్నా, కొత్త పెట్టందే ఇక్కడ ఎవరూ నోట వేసుకోరు, సంతకూ పంపరు. మంచి రోజులు చూసే పెద్దను దిసారి అంటారు. ఆయన రోజు చెప్పాలి. ఊరి దేవతకూ, పోయిన పెద్దలకూ ముందు పెట్టాలి. ఆ తర్వాత ఊరంతా ఒకేరోజు తినాలి. అప్పుడుగాని ఆ పంట బయటివాళ్ల చేతికి వెళ్లడానికి వీల్లేదు. వదిన దృష్టిలో సినిమా కూడా చేతికొచ్చిన పంటే.

కాబట్టి కొండమీద వదిన పుట్టిన ఊళ్లోనే సినిమాకు కొత్త పెట్టాం. చర్చి వాళ్లు ప్రొజెక్టరు ఇచ్చారు, నేను దుప్పటి ఇచ్చాను. దిసారి ఫోను మీద పసుపునీళ్లు చల్లబోతుంటే నేనే అడ్డుపడి దాన్ని కొబ్బరికాయ పక్కన పొడిచోట పెట్టించాను. జనం చేరుతున్నప్పుడు, వెలుతురు పోకముందు, వదిన వెనకనుంచి ఒక ఫొటో తీసుకుంది. చీకటి పడగానే బొమ్మ మొదలైంది. చలికి అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు, ఒక్క దుప్పటి మాత్రం చెట్లకుంది. కుండ పొంగే వేళకు నలుగురైదుగురు ఆడవాళ్లు కంగారుగా లేచి “పొంగిపోతంది, బేగి దించండే” అని తెరను కేకలేశారు. ముందు వరసలో కూర్చున్న వదిన వాళ్లమ్మ వాళ్ల భాషలో ఏదో అడిగింది. “ఆ ముసల్ది ఎవుర్తని అడుగుతంది” అని వదిన నా చెవిలో చెప్పి నోరు నొక్కుకుని నవ్వింది. తెలిశాక ఆవిడ కొంగు సర్దుకుని, ఆట అయ్యేదాకా కదలకుండా చూసి, మళ్లీ వెయ్యమంది. మళ్లీ వేశాం. మర్నాడు సినిమా పంపించాం.

చివరి వడపోతలో నిలిచిందని కబురొచ్చింది. ఆ వెనకే ఉత్సవం నిర్వాహకుడు తన బృందంతో దిగాడు. సినిమా తీసినావిడను ఆవిడ పరిసరాల్లో చూడాలట. రిసార్టులో గుడారం తీసుకుని, బొంగు చికెన్ తిని, ఆ బొంగును కూడా ఫొటో తీసి, మధ్యాహ్నానికి కొండమీద వదిన పుట్టింటికి వచ్చారు. నిర్వాహకుడి మెడలో నేత కండువా, నోట్లో ఆగని ఇంగ్లీషు. వాకిట్లో నడిచే కోడిని ఆథెంటిక్ అన్నాడు. మేం పెంచే కోడికి ఆ మాట పడుతుందని నాకు అంతవరకూ తెలియదు. వదిన కాఫీ ఇచ్చి, మర్యాద తక్కువ చెయ్యలేదని తెలియాలని, గర్వంగా చెప్పింది. “ముందు మావోళ్లకి సూపించి, కొత్త పెట్టినాకే మీకు పంపినాం బాబూ.” ఫోనులో ఫొటో కూడా చూపించింది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. “అంటే స్క్రీనింగ్ అయిపోయిందా? అయ్యో మేడమ్, మాది ప్రీమియర్ రూల్. మా ఫెస్టివల్ కంటే ముందు ఎవరూ చూసి ఉండకూడదు” అన్నాడు. కొత్త పెట్టనిది ఈ కొండల్లో ముట్టరానిది, కొత్త పెట్టింది ఆయనకు ముట్టరానిది. కట్టుబాట్లు తెంచుకున్నవాళ్ల కట్టుబాటు అది. తర్వాత గొంతు తగ్గించి, ఉపకారం చేస్తున్నవాడిలా “పర్లేదు. మీ ఊళ్లోవాళ్లే కదా, వాళ్లు ఆడియన్స్ కిందకు రారు. ఎవరూ చూడలేదు అని ఒక్క మాట అనండి, మిగతాది నేను చూసుకుంటాను” అన్నాడు.

వదిన పొయ్యి దగ్గర కూర్చున్న వాళ్లమ్మ వైపు చూసింది. ఆ ఒక్క మాట అనేస్తే వాళ్లమ్మ గోడంత తెరమీద కనబడుతుంది. అనేస్తుందనే అనుకున్నాను, అనాలనీ కోరుకున్నాను. “మావోళ్లు సూత్తే సూసినట్టు కాదేటి?” అని అడిగింది. టెక్నికల్‌గా అని ఆయన మొదలుపెట్టబోయాడు. “మాయమ్మ సూసింది బాబూ. మాయమ్మ సూడనేదని నానెలాగ సెప్తాను?” అంది.

ఆయన చిన్నపిల్లను చూసి నవ్వినట్టు నవ్వాడు. అయినా లేవలేదు. ఆ దుప్పటి మీద ఆట మళ్లీ ఒకసారి పెట్టించండి, జనాన్ని కూర్చోబెట్టండి, మేం షూట్ చేసుకుంటాం, గొప్ప విజువల్ అన్నాడు. ఆ జనం చూస్తే చూసినట్టు కాదు, చూస్తున్నట్టు కూర్చుంటే మాత్రం ఆయనకు పనికొస్తారు. మామూలు సినిమావాళ్లు లాభం కోసం తీస్తున్నామని నోరారా చెబుతారు. వీళ్ల రోత వేరు, దానికి నేత కండువా కూడా ఉంటుంది. దుప్పటి ఉతుక్కి వేశానని చెప్పాను. వెళ్తూ వెళ్తూ, జ్ఞాపకంగా ఉంచుకుంటానని ఆ ఫొటో అడిగాడు. ఇంటికొచ్చిన మనిషి నోరు తెరిచి అడిగాడని వదిన పంపింది. సినిమా మాత్రం ఆ ఉత్సవంలో ఎవరూ వెయ్యలేదు. వదిన వాళ్లమ్మ పోయిన వానాకాలంలో వెళ్లిపోయింది, హాలు గడప తొక్కకుండానే.

ఇవాళ ఒళ్లు మండిపోతూ ఫోను తీసుకుని పక్కవాటాకు వెళ్లాను. వదిన వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తోంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆ పోస్టరు తీసుకుంది. రాసింది చదివింది. “ఇంతమందిని కూకోబెట్టుకుని ఎవరూ సూడనేదంటారేటి” అంది. తర్వాత వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, ముందు వరస దగ్గర ఆగింది. “ఇదిగో మాయమ్మ. ముడి సూడు టీచరమ్మా, ఆ రోజు పువ్వెట్టుకుంది.” చాలాసేపు అలాగే చూసింది. ఫోను నాకివ్వలేదు, నేనూ అడగలేదు.

ఆ వీపుల్లో కొందరు ఇప్పటికే లేరు. మిగిలినవాళ్లమూ వరసగా వెళతాం. ‘ఎవరూ చూడని సినిమా’ అన్న వాళ్ల మాటను కాలం ఎప్పుడో ఒకరోజు నిజం చేసి పెడుతుంది, ఆ ఓపిక కాలానికుంది. ఇవాళ్టికి మాత్రం అది పచ్చి అబద్ధం.