బావ ఫోన్‌లో అడుగులు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు కోతలు కోసే అలవాటుంది. కోరుట్లలో నాలుగు చినుకులు పడితే జగిత్యాలలో పడవలు నడిచాయని చెప్పే రకం. దయ్యాలను మాత్రం ఏనాడూ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా సెల్‌ఫోన్లు విప్పుతున్నాను. లోపల చీమలు కనబడ్డాయి, ఒకసారి పెసరపప్పు కనబడింది. దయ్యం ఎన్నడూ కనబడలేదు.

మా అక్కది సిరిసిల్ల. బావ ఇంటి పక్క షెడ్డులోనే సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. ఇటు నాలుగు, అటు నాలుగు, మధ్య సందులో రోజంతా నడకే. ఆ నడక తిన్నగా నడిస్తే ఢిల్లీకి పోయి భోజనానికి తిరిగి రావచ్చు. గిరాకీ పడిపోయి షెడ్డు ఆసామి సాంచాలను పాత ఇనుముకు అమ్మేశాక, బావ గల్ఫ్ వెళ్లాడు.

రెండేళ్లకు ఒక శుక్రవారం క్యాంపులోంచి బయటికి నడిచాడు, మళ్లీ రాలేదు. ఖల్లివెల్లి అయ్యాడన్నారు, అంటే కంపెనీ విడిచి పారిపోయాడని. శవం లేదు, కబురు లేదు. అతని గదిలో ఉండే సారంగాపూర్ మనిషి సెలవు మీద వస్తూ, బావ వదిలేసిపోయిన బ్యాగు, ఫోను తెచ్చిచ్చాడు.

అక్క ఆ ఫోనును అల్మారాలో పెట్టి, రోజూ ఛార్జింగ్ పెట్టేది. అలా నాలుగేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావ ఫోన్ల అడుగులు పెరుగుతున్నయ్‌రా."

"కాళ్లు మొలిచినయా ఏందక్కా?"

"మజాకులు బంజెయ్. అచ్చి సూడు."

నిజానికి ఫోనుకు కాళ్ల సంగతి తెలియదు. లోపల ఆవగింజంత చిప్పు, అందులో వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని స్ప్రింగులకు వేలాడే ఊయల ఉంటాయి. మనం నడిస్తే అది ఊగుతుంది. ఎంత ఊగిందో కరెంటుతో కొలిచి అడుగులు లెక్కపెడతారు. సాంచాలు నడిచే రోజుల్లో ఆ ఇల్లంతా అదిరేది, అప్పుడైతే సరే. ఇప్పుడు పక్క షెడ్డు ఖాళీ.

సిరిసిల్ల వెళ్లి, పట్టపగలు, కదలకుండా పడున్న ఆ ఫోను ముందు కూర్చున్నాను. అంకె ఎనిమిది పెరిగి ఆగింది. మళ్లీ ఎనిమిది పెరిగి ఆగింది.

"ఎనిమిది అడుగులు పోతడు, పోగు తెగిందేమోనని ఆగి సూస్తడు, మల్ల ఎనకకు అస్తడు," అంది అక్క. "సాంచాల కాడికి రోజూ సద్ది తీస్కపోయిన. గా నడక నాకెర్క లేదార?"

నా చేతుల మీద వెంట్రుకలు వెదురుబొంగుల్లా లేచాయి.

ఆ వారమే ధర్మపురిలో, గోదావరి ఒడ్డున బావకు పిండం పెట్టాలని అక్క మరిది పంతులుతో మాట్లాడి వచ్చాడు.

"ఎన్నేండ్లు సూస్తం వదినె? మా అన్న ఆత్మ ఆడ తిరుగుతాంది."

"నడుస్తున్న మనిషికి పిండం పెడ్తరా?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఫోన్ల డాక్టర్ని నేనే కదా.

ఫోను కోరుట్లలో నా షాపుకు తెచ్చి విప్పాను. భూతద్దం కింద పెట్టి చూస్తే ఊయల స్ప్రింగు విరిగి ఉంది. అక్కకు అదే చెప్పాను. "ఖరాబైంది అక్కా. ఉత్తగనే ఊగుతాంది."

"నువ్వు చెప్తే నిజమేరా," అంది అక్క, పిండానికి ఒప్పుకుంది.

మూడో రోజు అందరం ధర్మపురి వెళ్లాం. ఫోను నా షాపులోనే, బల్ల మీద ఉంది. షాపుకు తాళం వేసుకునే వెళ్లాను. పంతులు పిండాన్ని నీళ్లలో వదిలించేసరికి పదకొండు దాటింది. అక్క మెట్టెలు తీసి కొంగున కట్టుకుంది.

తిరిగొచ్చి ఫోను చూశాను. ఆ రోజు పదకొండు గంటల దాకా అడుగులున్నాయి. తర్వాత ఒక్కటీ లేదు. నెలలు గడిచాయి, బల్ల మీద ఉంటే నేటికీ ఒక్క అడుగూ పడలేదు.

ఇందులో నేను కల్పించింది విరిగిన స్ప్రింగే. అంత సన్నటిది నా భూతద్దానికి కనబడుతుందా? చిప్పుకు ఏమీ కాలేదు. జేబులో వేసుకుని నడిస్తే నా అడుగులు సరిగ్గా లెక్కపెడుతుంది. బల్ల మీద దానంతటది ఎందుకు లెక్కపెట్టిందో, ఎందుకు మానేసిందో నాకు తెలియదు. అక్కకు ఈ మాట ఇంకా చెప్పలేదు.