తెల్లచీరల నడుమ దేవుడు నా నోరు తెరిచిన ఆదివారం

“ఈ ఏడన్నా క్రిస్మస్ ఆరాధనకు వస్తారా, మళ్ళీ ఆఫీసేనా?” అని అడిగాను నేను. “ఏసయ్య పుట్టాడని మా కంపెనీ దొరలు సెలవు పెట్టుకుని, లెక్కల దగ్గర నన్ను కూర్చోబెడతారే, ఎట్లా రానూ? నా బదులు నువ్వే రెండు పాటలు ఎక్కువ పాడు” అని నవ్వి, నా భర్త మెట్లు దిగి వెళ్ళిపోయారు. సహోదరులారా, మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే! డిసెంబరు మొదటి వారం అది, ఆ మధ్యాహ్నమే ఆఫీసులో గుండె ఆగి, కుర్చీలోనే ఒరిగిపోయారు.

ఆయన ఒక విదేశీ కంపెనీకి ఢిల్లీలో ఉన్న ఆఫీసులో ఫైనాన్స్ మేనేజరు. ఆ దేశం వాళ్ళకు లెక్కల సంవత్సరం డిసెంబరుతో ముగుస్తుంది, మన సర్కారుకు మార్చితో ముగుస్తుంది, అందువల్ల ఆయనకు ఏడాదికి రెండుసార్లు సంవత్సరం ముగిసేది. ఆ లెక్కలు ముగించే పనిని క్లోజింగ్ అనేవారు. ఆ రోజుల్లో ఆయన మందిరానికి రారని మా సంఘంలో అందరికీ తెలుసు. నేను ఆయనకు మేనత్త కూతుర్ని, అక్షరాలు కూడబలుక్కోవడమే నాకొచ్చిన చదువు. ఆయనుంటే ఢిల్లీ నాకు ఊరు, ఆయన లేకపోతే ఏ బస్సు ఎటు పోతుందో కూడా తెలియదు.

ఆఫీసువాళ్ళే ఆసుపత్రి నుంచి నేరుగా విమానం ఎక్కిస్తే, మా సొంతూరు గుంటూరు తీసుకుపోయి భూస్థాపన చేశాం, ఢిల్లీ సంఘంలో ఎవరికీ కబురు పెట్టలేదు. ఆదరణ కూడిక అయ్యాక, కంపెనీ ఇచ్చిన ఫ్లాటు ఖాళీ చేయాలని, ఎవరు వద్దన్నా వినకుండా ఒక్కదాన్నే తిరిగొచ్చాను. ఎదురింటి పంజాబీ ఆమె “భాభీజీ, సాబ్ టూర్ పే హైఁ క్యా?” అని, సారు ఊరెళ్ళారా అని అడిగితే తల ఊపాను. ఆయన పోయారన్న మాట నా నోట రాలేదమ్మా, ఏ భాషలోనూ రాలేదు! అన్నం వండేదాన్ని, తినేదాన్ని కాదు, “నన్ను కూడా తీసుకుపో ప్రభువా” అని అదొక్కటే అడిగేదాన్ని.

పండగ ముందు ఆదివారం ఢిల్లీ మునిర్కాలో మేం కూడుకునే గదికి వెళ్ళాను. మా సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే బల్ల ఆరాధన రోజున ఆడవాళ్ళమందరం తెల్లచీరలే కడతాం, బొట్టు ఎవరికీ లేదు, తాళి ఎవరికీ లేదు, ఇక నేను విధవనని నన్ను చూసి ఎవరు పోల్చుకుంటారు సహోదరులారా! పక్కన కూర్చున్న రూతమ్మ నా భుజం తట్టి, “ఏం వదినా, అన్నయ్యకి క్లోజింగేనా? మార్చి దాకా మాకిక మొహం చూపించరా ఏంటి?” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎట్లా వచ్చిందో దేవునికే తెలియాలి.

అప్పుడు సంఘపెద్ద లేచి ప్రార్థన మొదలుపెట్టారు. “ప్రభువా, ఆఫీసు పనిలో నలిగిపోతున్న మా సహోదరుణ్ణి జ్ఞాపకం చేసుకో, ఆరోగ్యమివ్వు, ఈ పండక్కన్నా మా మధ్యన నిలబెట్టు తండ్రీ” అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నాకు ఆ ఆమేన్ రాలేదు. లేచి నిలబడి, “వాళ్ళకు తెలియక అడుగుతున్నారు ప్రభువా! ఆయన నీ దగ్గరే ఉన్నారు కదయ్యా! ఆయన చనిపోయారయ్యా, నేను ఒక్కదాన్నే ఉన్నానయ్యా!” అని అరిచాను.

రూతమ్మ “అయ్యో వదినా, నేనేం మాటన్నాను!” అని నా కాళ్ళ దగ్గర కూలబడింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఆయన పోయాక నేను ఏడ్చింది అప్పుడే! ఆ పూట ఆమె ముద్దలు కలిపి పెడితే తిన్నాను, చావాలన్న కోరిక ఆ ఏడుపుతోనే కొట్టుకుపోయింది, దేవునికే మహిమ!

ఒంటరితనం పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఇంట్లో కుక్కరు కూత పెడితే ఎవరికి వండానా అనిపిస్తుంది. కానీ దాన్ని మోయడానికి దేవుడు నాకు మనుషులనిచ్చాడు. దుఃఖాన్ని నోట్లోనే కుక్కుకుని మందిరంలో నవ్వుతూ కూర్చున్న అక్కా, అన్నా, నోరు తెరిచి చెప్పు. మన దేవుడు వినలేనివాడు కాడు, ఆయన్ను నమ్ము.

ఎస్తేరూ, నువ్వు మా ఆయన చెల్లెలివి, నేను చెప్తుంటే ఈ సాక్ష్యం రాస్తూ రాస్తూ ఏడుస్తున్నావు, నేను చూస్తూనే ఉన్నాను. కళ్ళు తుడుచుకుని మొదటినుంచి చదివి వినిపించమ్మా. ఆయన చనిపోయారన్న చోట గొంతు తగ్గించకు, గట్టిగా చదువు.